కోడలు చేసిన సబ్బు

2023 కార్తీకమాసంలో మా యింట్లో ఒక కుటీర పరిశ్రమ వెలిసింది. దానికి యజమానురాలినీ, కార్మికురాలినీ, గుమాస్తానూ అన్నీ నేనే. సరుకు సబ్బు. అప్పట్లో మా కాలేజీ స్టాఫ్‌రూములో ఎవరిని కదిపినా అదే మాట. ఒకావిడ మేకపాలతో చేశానంటుంది. ఇంకొకావిడ కలబంద గుజ్జు వేశానంటుంది. మూడో ఆవిడ గంధం కలిపానని చెప్పి, చెయ్యి చాచి వాసన చూడమంటుంది. ఛందస్సూ వ్యాకరణమూ తప్ప ఇంకేమీ చేతకానిదన్న పేరు నాకెలాగూ వుంది. ఆ పేరు చెరిపేసుకోవాలని పంతం పుట్టింది.

మా అత్తగారి పుట్టిల్లు కోనసీమ. ఏటా అక్కణ్ణించి గానుగాడించిన కొబ్బరినూనె డబ్బా వస్తుంది. అందులోంచి కిలో నూనె తూచాను. దానికి సరిపడా కాస్టిక్ సోడా నీళ్లలో కరిగించాను. రెండూ కలిపి చిలికితే పెరుగులా చిక్కబడింది. అప్పుడిక నాకు తెలిసిన మంచి వస్తువులన్నీ ఒకటొకటే అందులో పడ్డాయి: రెండు చెంచాల పసుపు, గుప్పెడు శనగపిండి, బత్తాయి తొక్కల పొడి, వాసనకి నిమ్మగడ్డి నూనె. నాలుగు మంచి వస్తువులు కలిస్తే నాలుగింతల మంచి జరుగుతుందని నా లెక్క. మర్నాటికి గట్టిపడింది. ముక్కలు కోసి, పదిరోజులు గాలికి ఆరబెట్టి, మొదటి బిళ్ల తమలపాకులో పెట్టి మా అత్తగారి చేతికిచ్చాను. ఆవిడ కళ్లకద్దుకుని, "ఇన్నాళ్లకి కోడలు చేసిన సబ్బుతో స్నానం చేసే యోగం పట్టింది" అన్నారు. ఆవిడకప్పుడు డెబ్బయ్యారేళ్లు.

అసలు సంగతి 2024 భోగినాడు బయటపడింది. తెల్లవారుజామున తలంటికి ముందు ఆవిడ కాళ్లకి నువ్వులనూనె రాద్దామని చీరంచు కాస్త పైకి తీశాను. మోకాళ్ల కిందనుంచి మడమల దాకా చర్మం ఎండిన చెరువులా బీటలు తీసి వుంది. గోళ్లతో గీరిన చారలు. అక్కడక్కడ రక్తం చిమ్మి ఎండిన మరకలు. చేతివేళ్ల సందుల్లోనూ అంతే.

"ఏమిటిది అత్తయ్యా?"

"చలికి అమ్మాయ్. ముసలి వొళ్లు గదా."

"మన రాజమండ్రి చలి ఏపాటిది? కిందటేడు లేని చలి ఈ యేడే వచ్చిందా?"

ఆవిడ మాట్లాడలేదు. చాలాసేపు బతిమాలాక చెప్పారు. ఆ సబ్బు మొదలుపెట్టిన వారానికే దురద పట్టుకుందిట. రాత్రిళ్లు నిద్ర లేదుట.

"మరి మానెయ్యకపోయారా?"

"నువ్వంత మోజుగా చేశావు. రోజూ వచ్చి ఎలా వుందత్తయ్యా అని అడుగుతావు. బాగాలేదని ఎలా చెప్పనే?"

నాకు నోట మాట రాలేదు. నెలన్నరపాటు నేను రోజూ అడిగిన మాట నిజమే. కాని బాగుందన్న జవాబు వినడానికే అడిగాను తప్ప, ఎలా వుందో తెలుసుకోవడానికి అడగలేదు.

పండగ వెళ్లగానే చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఈ మధ్య సబ్బేమైనా మార్చారా?" అని. "ఇంట్లో చేసిందేనండీ. అన్నీ సహజమైన వస్తువులే" అన్నాను. ఆవిడ నవ్వి, "నల్లజీడి సహజం కాదాండీ?" అన్నారు.

నల్లజీడి గింజ సంగతి మన పెద్దవాళ్లకి తెలుసు. పూర్వం రజకులు బట్టలకి గుర్తు పెట్టేది దాని రసంతోనే. ఉతికినా చెరగదు. ఆ గుర్తు వొంటికి తగిలినచోట కొందరికి పొక్కులు లేచేవి. చెట్టుకి కాసిందే, ఎవరూ కల్తీ చెయ్యనిదే! దురదగొండి మాత్రం ఏ కర్మాగారంలో తయారైంది గనుక? సహజమైనంత మాత్రాన చర్మానికి చుట్టం కానక్కర్లేదన్న ముక్క ఆ ఒక్క ప్రశ్నతో నాకు బోధపడింది. తరువాత మా కాలేజీ రసాయనశాస్త్రం లెక్చరరుగారిని ఆశ్రయించి, కొన్ని నెలలపాటు ఆ శాస్త్రానికి శిష్యురాలినయ్యాను. చేతిసబ్బులు చేసేవారికీ, కొనేవారికీ, ముఖ్యంగా చర్మం కొత్తల్లుడిలా వూరికే అలిగేవారికీ పనికివస్తుందని ఆ నేర్చుకున్నది ఇక్కడ చెబుతున్నాను.

గోత్రం మారిన నూనె

సంస్కృతంలో ‘స్నేహం’ అంటే చెలిమి అనే కాదు, నూనె అనీ అర్థం వుంది. ఆ స్నేహానికీ క్షారానికీ పెళ్లి చేస్తే పుట్టిన బిడ్డ సబ్బు. ఆ పెళ్లితంతు ఎలా జరుగుతుందో మొట్టమొదట విప్పి చెప్పినవాడు షెవ్రూల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. కొవ్వుల మీద ఆయన పరిశోధన గ్రంథం 1823లో వెలువడింది. నూనెలో కొవ్వు ఆమ్లాలూ గ్లిసరినూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని వుంటాయి. క్షారం తగలగానే ఆ ముడి విడిపోతుంది. ఆమ్లాలు క్షారంతో జతకట్టి సబ్బవుతాయి. గ్లిసరిన్ విడిగా మిగిలిపోతుంది. కర్మాగారాల్లో చాలావరకు ఆ గ్లిసరిన్‌ని వేరుచేసి మరో పనికి వాడుకుంటారు. చేతిసబ్బులో అది అందులోనే వుండిపోతుంది. చేతిసబ్బుకి నిజంగా చెప్పుకోదగ్గ గొప్ప అది.

ఇంతకూ ఇందులో నేను గ్రహించవలసిన మాట ఏమిటంటే, గిన్నెలో పోసిన కొబ్బరినూనె బిళ్లలో కొబ్బరినూనెగా వుండదు. పెళ్లయిన పిల్ల గోత్రం మారినట్టు దాని గోత్రం మారిపోతుంది. పుట్టింటి గుణాన్ని బట్టి అత్తింట్లో ఎలా మసులుతుందో చెప్పడం ఎంత కష్టమో, నూనె గుణాన్ని బట్టి సబ్బు గుణం చెప్పడమూ అంత కష్టమే.

కొబ్బరినూనెనే తీసుకోండి. పచ్చిగా వొంటికి రాస్తే అది మెత్తని నూనె. ఎగ్జిమా వున్న పిల్లల చర్మానికి అది మేలు చేసిందని 2014లో ఫిలిప్పీన్స్ వైద్యులు ప్రకటించారు. కాని అందులో ఇంచుమించు సగం లారిక్ ఆమ్లం. ఆ ఆమ్లంతో పుట్టిన సబ్బు చలాకీ పిల్ల. నురుగు బుసబుస పొంగుతుంది. సముద్రపు నీళ్లల్లో కూడా నురుగు తెప్పిస్తుంది. జిడ్డుని క్షణంలో పట్టి లాగేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఏది బయటినుంచి అంటిన జిడ్డో, ఏది చర్మం తన రక్షణకోసం దాచుకున్న జిడ్డో దానికి తెలియదు. రెంటినీ కలిపి వూడ్చేస్తుంది.

ఆలివ్ నూనెది సరిగ్గా ఎదురు కథ. దాన్ని పచ్చిగా చర్మానికి రాస్తే పైపొర బలం తగ్గుతున్నదనీ, పొద్దుతిరుగుడు నూనెకి ఆ దోషం లేదనీ 2013లో ఇంగ్లండులో జరిగిన పరిశోధనలో తేలింది. అయితే ఆ ఆలివ్ నూనెతో చేసిన సబ్బు మాత్రం నెమ్మదైనది. అందులో ఎక్కువగా వుండేది ఒలీయిక్ ఆమ్లం. నురుగు తక్కువ, కాస్త జిగురు. కాని చర్మాన్ని అంతగా పీకదు. సిరియాలో అలెప్పో, పాలస్తీనాలో నాబ్లుస్ తరతరాలుగా ఆలివ్ సబ్బుకి పేరుమోసిన వూళ్లు. ఆ రెండుచోట్ల సబ్బు చేసే సంప్రదాయాన్నీ 2024లో యునెస్కో తన వారసత్వ జాబితాల్లో చేర్చింది.

నూనెగా మంచిది సబ్బుగా కఠినం. నూనెగా అంత మంచిది కానిది సబ్బుగా సౌమ్యం! నేను మా అత్తగారికిచ్చినది నూటికి నూరుపాళ్లు కొబ్బరినూనె సబ్బు. కోనసీమ కొబ్బరి మీద ప్రేమతోనే ఆ పని చేశాను.

దుకాణంలో కొనే సబ్బు పొట్లాం మీద టి.ఎఫ్.ఎం. అని ఒక అంకె వుంటుంది. సబ్బులో కొవ్వుపదార్థం ఎంతశాతమో చెప్పే అంకె అది. స్నానపు సబ్బుల్లో మొదటి తరగతికి 76, రెండో తరగతికి 70, మూడో తరగతికి 60 శాతం వుండాలని భారత ప్రమాణం. మంచి కొలతే. కాని కొవ్వు ఎంతో చెబుతుంది తప్ప, ఏ కొవ్వో చెప్పదు. అలిగే చర్మానికి కావలసింది ఆ రెండో ప్రశ్నకి జవాబు.

ఇటుకల గోడ

ఇక్కడ చర్మం సంగతి రెండు ముక్కలు చెప్పాలి. మన వొంటి పైపొరని ఇటుకల గోడతో పోలుస్తారు శాస్త్రజ్ఞులు. నిర్జీవమైన కణాలు ఇటుకలు. వాటి మధ్య సున్నంలా పట్టి వుంచేవి సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి మలినం లోపలికి రాకుండా కాసేది ఆ గోడే. సబ్బు రుద్దినప్పుడల్లా ఆ సున్నంలో రవ్వంత రాలిపోతుంది. పడుచువయస్సులో వెంటనే మరమ్మతు జరిగిపోతుంది. వయస్సు మీరినకొద్దీ తాపీపని మందగిస్తుంది, తైలగ్రంథులూ సన్నగిల్లుతాయి. కొందరికి పుట్టుకతోనే ఆ గోడ బలహీనం. ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తు లోపించడం ఎగ్జిమాకి ఒక ముఖ్యకారణమని 2006లో కనుగొన్నారు.

పైగా చర్మం పైభాగం స్వభావం పులుపు. పి.హెచ్. కొలతలో 5 దరిదాపుల్లో వుంటుంది. సబ్బు స్వభావం క్షారం. 9కీ 10కీ మధ్య. ఇంట్లో చేసినా, కర్మాగారంలో చేసినా, ఏ నూనెతో చేసినా నిజమైన సబ్బు అంతే. క్షారం తగిలాక చర్మం మళ్లీ తన పులుపుకి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. గోడ మరమ్మతు సవ్యంగా సాగాలంటే ఆ పులుపు వుండాలి. మా అత్తగారికి చేతులు కడుక్కోవడం పదేపదే అలవాటు. పూజకి ముందు, వంటకి ముందు, తులసికోట దగ్గరికి వెళ్లివచ్చాక. వేళ్ల సందులు ఎందుకు పగిలాయో మరి చెప్పనక్కరలేదు.

కొందరు నిమ్మరసం పిండితే క్షారం విరుగుతుందంటారు. అందులోని ఆమ్లం కాస్తంత కాస్టిక్ సోడాని తినేస్తుందంతే. సబ్బు స్వభావం మారదు. మారేటంత ఆమ్లం పోస్తే సబ్బు విరిగి, జిడ్డుముద్దగా తేలుతుంది. పి.హెచ్. తగ్గిన బిళ్ల కావాలంటే అది సబ్బు జాతిది కాదు. సిండెట్ అనే వేరే జాతి. చర్మం పగిలి, రసి కారుతున్న స్థితిలో వైద్యులు సాధారణంగా చెప్పేది దాన్నే. చేతిసబ్బు మీద ఎంత మమకారం వున్నా ఆ మాట ఒప్పుకోవాలి.

తూకంలో తప్పు

నా రెండో తప్పు తూకంలోది. ప్రతి నూనెకీ సరిపోయే క్షారం వేరు. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బు కావడానికి 183 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. ఆలివ్ నూనెకీ నువ్వులనూనెకీ సుమారు 134 చాలు. ఆముదానికి 128. ఒక నూనెకి చెప్పిన లెక్క మరో నూనెకి వేస్తే? కొబ్బరినూనె లెక్కతో ఆముదం సబ్బు చేస్తే కిలోకి 55 గ్రాముల క్షారం ఏ పనీ లేకుండా బిళ్లలో మిగిలిపోతుంది. అది సబ్బు కాదు, వాత. అందుకే గ్లాసులూ చెంచాలూ కాక తక్కెడ కావాలి. గ్రాముల్లో చూపించేది కావాలి.

నేను లెక్క తప్పలేదు. సరిగ్గా 183 గ్రాములు వేశాను. తప్పంతా అంత సరిగ్గా వెయ్యడంలోనే వుంది. అనుభవజ్ఞులు క్షారాన్ని నూటికి ఐదు మొదలు ఎనిమిది పాళ్లు తగ్గించి వేస్తారట. అలా చేస్తే క్షారమంతా ఖర్చయిపోయి, కొంత నూనె నూనెగానే మిగిలి బిళ్లని మెత్తబరుస్తుంది. అచ్చంగా కొబ్బరినూనెతోనే చేసేవాళ్లయితే నూటికి ఇరవై పాళ్ల దాకా తగ్గిస్తారు. నేనైతే ఒక చుక్క స్నేహం కూడా మిగల్చకుండా లెక్క తేల్చేశాను. లెక్క తేల్చడం వ్యాపారానికి మంచిది గాని, అత్తాకోడళ్ల మధ్యా సబ్బులోనూ కాస్త మిగలాలి.

మూడో తప్పు తొందర. నూనె సబ్బుగా మారడం చాలావరకు ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది. కాని నీరు ఇంకి, బిళ్ల గట్టిపడి, చర్మానికి కాస్త నెమ్మదిగా తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆవకాయ పెట్టిన నాడే జాడీ ఖాళీ చెయ్యం గదా. నేను పదిరోజులకే తమలపాకులో పెట్టాను.

మంచి వస్తువుల మూట

ఇక నేను వేసిన నాలుగు మంచి వస్తువుల సంగతి.

పసుపు వెయ్యగానే గిన్నెలో ముద్ద ఎర్రగా మారింది. నేను ఆశ్చర్యపోయాను గాని, ఆశ్చర్యపడవలసింది ఏముంది? పసుపునీళ్లల్లో సున్నం కలిపి ఎర్రనీళ్లతో దిష్టి తీయడం మన ప్రతి యింట్లో వున్నదే. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. ఆ ఎరుపు చూసినప్పుడే పసుపు తన మామూలు స్థితిలో లేదని గ్రహించవలసింది. రోట్లో దంచి వొంటికి పట్టించే పసుపు వేరు. క్షారంలో వుడికి, అరనిమిషం వొంటిమీద వుండి నీళ్లతో కొట్టుకుపోయే పసుపు వేరు.

బత్తాయి తొక్కల పొడి ఎంత మెత్తగా దంచినా మొనలుంటాయి. పడుచువాళ్లకి అది రుద్దుడు. డెబ్బయ్యారేళ్ల చర్మానికి గీరుడు.

శనగపిండితో నష్టమేమిటి, తినేదే గదా అనిపించవచ్చు. నేనూ అదే అనుకున్నాను. జపానులో జరిగిన ఒక సంగతి తెలిశాక అలా అనడం మానేశాను. అక్కడ 2004 నుంచి 2010 దాకా ఒక ముఖంసబ్బు విరివిగా అమ్ముడుపోయింది. అందులో గోధుమ మాంసకృత్తుని చిన్న ముక్కలుగా విరగగొట్టి కలిపారు. రోజూ ముఖం కడుక్కోగా కడుక్కోగా, కొందరి శరీరం ఆ గోధుమని శత్రువుగా గుర్తుపెట్టుకుంది. తరువాత వాళ్లు రొట్టె తిన్నా, నూడుల్స్ తిన్నా కళ్లు వాచిపోవడం, దద్దుర్లు, వూపిరాడకపోవడం! అలాంటివారు రెండువేల మందికి పైగా తేలారు. అది చేతిసబ్బు కాదు. మన శనగపిండికి ఆ శక్తి వుందనీ నేననడం లేదు. నోటికి మంచిదైనది చర్మానికీ మంచిదే అన్న న్యాయం చెల్లదని మాత్రం అంటున్నాను.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం: వాసన. నిమ్మగడ్డి నూనెకి ఆ పరిమళం ఇచ్చేది సిట్రాల్ అనే పదార్థం. లవంగ తైలంలో యూజినాల్. లావెండరులో లినలూల్. నారింజ, బత్తాయి తొక్కల తైలంలో లిమొనీన్. ఇవన్నీ పూలలో, ఆకుల్లో, తొక్కల్లో పుట్టినవే. కాని చర్మం తిరగబడడానికి పేరుపడ్డ సుగంధ ద్రవ్యాల్లో ఇవీ వున్నాయి. లినలూల్, లిమొనీన్ గాలి తగిలి పాతబడినకొద్దీ మరింత చెడ్డవవుతాయి. ఇలాంటివి 26 పదార్థాలు కడిగేసే వస్తువుల్లో పదివేలలో ఒక పాలు దాటితే పేరు పేరునా పొట్లాం మీద అచ్చువెయ్యాలని యూరపులో 2005 నుంచి నియమం. 2023లో ఆ జాబితాని 80కి పైగా పెంచారు. నేను కిలో నూనెకి వేసిన నిమ్మగడ్డి నూనె రెండు పెద్ద చెంచాలు! అక్కడి నియమం ప్రకారం నా బిళ్ల మీద హెచ్చరిక తప్పదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. క్షారంవల్ల, మొనలవల్ల కలిగే మంట కోపం వంటిది. ఎవరికైనా మోతాదు మించితే వస్తుంది. కారణం తొలగిస్తే తగ్గుతుంది. సుగంధాలవల్లా మాంసకృత్తులవల్లా కొందరికి కలిగే ఎలర్జీ పాముపగ వంటిది. అందరికీ రాదు. మొదటిసారే రాదు. కాని ఒకసారి గుర్తుపెట్టుకుంటే ఏళ్ల తరబడి మరువదు, చుక్కకే బుసకొడుతుంది. మా అత్తగారిది మొదటి రకమేనని వైద్యురాలు తేల్చారు. అదృష్టం.

మన సున్నిపిండి మాటేమిటని అడుగుతారు. పెసరపిండి, శనగపిండి మెత్తగా జల్లించి వాడితే సబ్బంత క్షారం వుండదు, నిజమే. కాని అందులో కలిపే బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం వుంది. అది వొంటిమీద వుండగా ఎండ తగిలితే చర్మం కమిలే గుణం కలది. అందుకే బొల్లికి చేసే వైద్యంలో దాన్ని జాగ్రత్తగా కొలిచి వాడతారు. సున్నితమైన చర్మం గలవారు సున్నిపిండిలో కూడా ఏమేం పడ్డాయో అడిగి వాడుకోవడం మేలు.

రెండో సబ్బు

మా అత్తగారికి మందు, వొంటికి రాసుకునే లేపనం రాసిచ్చి వైద్యురాలు చెప్పినవి నాలుగే మాటలు. గోరువెచ్చని నీళ్లు, పొగలు కక్కేవి వద్దు. స్నానం పది నిమిషాలు మించవద్దు. సబ్బు చంకలకీ, గజ్జలకీ, పాదాలకీ చాలు. కాళ్లకీ చేతులకీ రోజూ అక్కరలేదు. తుడుచుకున్న రెండు మూడు నిమిషాల్లో, తడి పూర్తిగా ఆరకముందే లేపనం పట్టించాలి. మూడు వారాల్లో బీటలు పూడుకున్నాయి. ఇదంతా నా రెండో సబ్బు రాకముందే జరిగింది. కనుక ఆ ఘనత నా సబ్బుది కాదు.

రెండోది 2024 ఫిబ్రవరిలో చేశాను. ఆలివ్ నూనె 700 గ్రాములు, కొబ్బరినూనె 200, ఆముదం 100. కొబ్బరి కొంచెం వుంటే నురుగు వస్తుంది, బిళ్ల గట్టిపడుతుంది. ఆముదం ఆ నురుగుని నిలబెడుతుంది. మూడింటికీ కలిపి కాస్టిక్ సోడా లెక్క సుమారు 143 గ్రాములు. అందులో నూటికి ఏడు పాళ్లు తగ్గించి 133 వేశాను. పసుపు లేదు, పిండి లేదు, పొడి లేదు, రంగు లేదు, వాసన లేదు. ఏం వేశానని చెప్పడం కన్నా ఏం మానేశానని చెప్పడానికే ఎక్కువసేపు పట్టే సబ్బు అది. సున్నితమైన చర్మానికి చేసే సబ్బు రహస్యం అంతకన్నా ఏమీ లేదు.

చెయ్యదలచిన వారికి రెండు హెచ్చరికలు. కాస్టిక్ సోడాని నీళ్లల్లో కొద్దికొద్దిగా వెయ్యాలి. సోడా మీద నీళ్లు ఎన్నడూ పొయ్యరాదు, భగ్గున పొంగి మీదికి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె పనికిరాదు. క్షారం దాన్ని తినేసి, మండే వాయువుని పుట్టిస్తుంది. స్టీలు గిన్నె వాడండి. చేతికి తొడుగులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. పిల్లలు ఆ దరిదాపుల్లో వుండకూడదు.

ఆరువారాలు ఆరాక మా లెక్చరరుగారు పి.హెచ్. కాగితంతో చూస్తే 9 దాటింది. సబ్బుకి అంతకన్నా తగ్గదు. తరువాత దాన్ని వారం రోజులు నా ముంజేతిమీద అరచెయ్యి మేర, రోజుకి రెండుసార్లు రుద్ది కడిగి చూశాను. ఎరుపుగాని దురదగాని లేదు. ఆ పైన మా అత్తగారి ముంజేతిమీద మరో వారం. అప్పటిగ్గాని స్నానాలగదిలోకి పంపలేదు. మా బోరునీళ్లు ఉప్పన. అలాంటి నీళ్లల్లో ఏ సబ్బైనా సున్నపుతెట్టు కట్టి చర్మానికి అంటుకుంటుంది. అందుకని ఆవిడ ఆఖరి చెంబులకి మున్సిపల్ కుళాయి నీళ్లు పట్టి వుంచడం అలవాటు చేసుకున్నాను.

వేసవిలో అన్ని సబ్బులూ మంచివే. అసలు పరీక్ష మళ్లీ చలికాలం వచ్చినప్పుడు. 2025 భోగినాడు తెల్లవారుజామున మళ్లీ నూనెగిన్నె పట్టుకుని ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను. చర్మం పలచబడే వుంది, వయస్సు వయస్సే. కాని బీట లేదు, చార లేదు.

"ఎలా వుందత్తయ్యా సబ్బు?" అన్నాను. ఈసారి జవాబు కోసమే అడిగాను.

ఆవిడ నా ముఖంలోకి చూసి, కాస్త ఆలోచించి అన్నారు: "దురద లేదు, ఆ మాట నిజం. కాని ఇదేం సబ్బే? వాసన లేదు, రంగు లేదు. నురుగు రావాలంటే పావుగంట రుద్దాలి. పెట్టెలో పెడితే జిగురు కారుతుంది. పైగా ఆవకాయలో కూడా పొయ్యలేని ఖరీదుగల నూనె తెచ్చి దీన్లో తగలేశావుట!"

మా వారు వీధిగదిలోంచి నవ్వారు. నేనూ నవ్వాను. కిందటేడు భోగి ముందు ఆ నెలన్నరలో ఈ సణుగుడు ఒక్కసారి వినిపించి వుంటే ఆవిడ కాళ్లు అంతగా పగిలేవి కావు. ఇప్పుడు ఏ సబ్బు చేసినా మొదట ఆవిడ చేతికిచ్చి, లోపాలేమిటో చెప్పమని ఎదురుగా కూర్చుంటున్నాను. ఆవిడ కూడా ఏమాత్రం మొహమాటపడకుండా చెబుతున్నారు.